పెరటి గుమ్మంలో తడి చీర

మా దొడ్డమ్మ, అంటే మా అమ్మకి అక్క, పోయిన నెల మండపేటలో కన్నుమూసింది. మా అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్ళు. అప్పట్నించి నన్ను పెంచింది ఈవిడే. నాలుగు మంచి మాటలు రాయమన్నారు అందరూ. రాస్తానండీ. కానీ ఆవిడ మీద నాకు ఒళ్ళు మండిపోతోంది, అదీ రాస్తాను.

తన కిరాణా కొట్లో బేరాల మధ్య నవలలు చదివేది. పప్పు తూస్తున్నా కళ్ళు పేజీ మీదే. నేను ముట్టుకోబోతే, "పిల్లలు చదివేవి కావే, జ్వరమొస్తుంది" అని గదిమేది. నేనేడిస్తే మటుకు, "ముందు తిను, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని" అని నోట్లో ముద్ద పెట్టేది. ఆ ముద్దలతోనే ఇంతదాన్నయ్యాను.

అమ్మ నాకు గుర్తులేదు. అడిగినప్పుడల్లా దొడ్డమ్మ ఒకటే చెప్పేది. "పోయిన పదకొండో నాడు మీ అమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చిందే. చీరంతా తడి. కుచ్చిళ్ళు పిండుకుంటూ, 'అక్కా, పిల్ల పాలు తాగిందా?' అంది. తాగిందన్నాను. వెళ్ళిపోయింది."

అమ్మ పోయింది కామెర్లతో కదా, చీరెందుకు తడిసింది దొడ్డమ్మా అంటే, "వానాకాలం కదే" అనేది. నమ్మేశాను. చచ్చిపోయి కూడా నా పాల కోసం వచ్చిందంటే ఎంత ప్రేమో అనుకున్నాను. పెళ్ళయ్యాక ఎన్ని కష్టాలొచ్చినా ఆ ఒక్క మాట పట్టుకునే నిలబడ్డాను.

దినవారాలయ్యాక బీరువా సర్దుతుంటే చీరల కింద ఓ పాత దెయ్యాల నవల దొరికింది. అట్టమీద పుర్రె, ఎర్ర కళ్ళు. చిన్నప్పుడు నన్ను ముట్టుకోనివ్వనిది అదే, ఎప్పుడో మర్చిపోయాను. నవ్వుకుంటూ నేలమీదే కూర్చుని మొదలుపెట్టాను. సగంలో నవ్వు ఆగిపోయింది. కాలవలో పడి చచ్చిన ఆడది, తడి చీర, పెరటి గుమ్మం, "అక్కా, పిల్ల పాలు తాగిందా?" అక్షరం పొల్లుపోలేదు. అందులో అది ప్రేమకొద్దీ రాలేదండీ. పాలు తాగిన పిల్ల నెత్తురు తియ్యగా ఉంటుందని వచ్చింది.

ఎంత మోసం చేశావు దొడ్డమ్మా! అమ్మ గురించి ఒక్క నిజం లేదా నీ దగ్గర? కోపమొస్తే అరిచేదో, అలిగి పడుకునేదో, ఏదో ఒకటి చెప్తే సరిపోయేది కదా! దెయ్యాన్ని తెచ్చి అమ్మని చేశావు. ఇప్పుడు నిలదీద్దామంటే నువ్వూ లేవు.

ఆ కడుపుమంటతోనే ఇంటికొచ్చాను. మా అమ్మాయికి ఐదేళ్ళు. అమ్మ వచ్చిన సంగతి దానికీ ఇదివరకే నేనే చెప్పాను, నిజంగా జరిగిందనే చెప్పాను. ఆ సాయంత్రం గోడమీద అమ్మ ఫొటో చూపించి, "పాలు తాగిందా అని అడిగిన అమ్మమ్మ ఈవిడేనా?" అంది. కాదని చెప్దామనే నోరు తెరిచాను.

"ఈవిడేనమ్మా" అన్నాను.

పిల్ల గ్లాసులో పాలన్నీ గటగటా తాగేసి, మూతి కూడా తుడుచుకోకుండా వెళ్ళి, పెరటి తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది.