అడుగున రెండు జానల మట్టి

నేను మట్టిలో పుప్పొడి వెతికే మనిషిని. విజయనగరంలో మా బంధువుల పెళ్లిళ్లలో ఎవరైనా "ఏటి సేస్తన్నావమ్మా?" అని అడిగితే, వేల ఏళ్ల కిందట రాలిన పుప్పొడి చూసి అప్పటి వానలూ అడవులూ ఎలా ఉండేవో చెబుతానంటాను. సగం మంది నవ్వుతారు. "కొండని తవ్వి ఎలకని పట్టడమంటే ఇదే" అంటారు. నేను ఊరుకునే రకం కాదు. ఆ ఎలక ఏం తిని బతికిందో కూడా చెప్పగలనని మొదలుపెట్టి, వాళ్ల విస్తట్లో కూర చల్లారేదాకా వదలను.

నిజానికి విషయం చాలా తేలిక. పువ్వు వాడిపోతుంది, ఆకు కుళ్లిపోతుంది. పుప్పొడి రేణువు పైపొర మాత్రం అంత త్వరగా పాడవదు. గాలి తగలని బురదలో పడిందంటే వేల ఏళ్లయినా అలాగే ఉంటుంది. ఒక్కో మొక్క పుప్పొడిది ఒక్కో ఆకారం. అడుగున ఉన్న మట్టి పాతది, పైనున్నది కొత్తది. ఏ పొరలో ఏ పుప్పొడి ఎంత ఉందో లెక్కపెడితే, ఆ చోటు ఒకప్పుడు ఎలా ఉండేదో తెలుస్తుంది. మడ చెట్ల పుప్పొడి కనిపిస్తే ఉప్పునీళ్లు వచ్చిపోయేవని, తుంగ కనిపిస్తే మంచినీళ్లు నిలిచేవని అర్థం. ఇది నాకు మొదటిసారి తెలిసిన రోజున, ఇంకే పనీ చెయ్యకూడదని నిర్ణయించుకున్నాను.

పీహెచ్‌డీకి నేను ఎంచుకున్న చోటు భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిత్తడి నేల. దాన్నానుకునే మా బావ వరిపొలం. బావంటే మా అక్క మొగుడు. తాతల నాటి నుంచీ వాళ్లది అక్కడ వరి పండించే కుటుంబం. పుప్పొడి అంటే ఆయనకేమీ పట్టింపు లేదు గానీ, మరదలు అడిగిందంటే మాత్రం నలుగురు మనుషుల్ని, గొట్టాలు పైకి లాగే గొలుసుల్ని, మధ్యాహ్నం భోజనాన్ని కూడా సిద్ధం చేసేవాడు.

పని పద్ధతి ఇదీ. ఇనప గొట్టాన్ని బురదలోకి దించి, లోపలి మట్టి చెదరకుండా పైకి లాగాలి. తర్వాత అదే గుంటలో ఇంకో గొట్టాన్ని ఇంకా లోతుకి దించాలి. మొదటి గుంటలో అడుగు ముక్క లాగుతుంటే మట్టి మొత్తం జారి నీళ్లలో కలిసిపోయింది. అప్పటికి మూడు రోజులుగా ఎండలో ఉన్నాను. గట్టు మీద కూర్చుని, పనివాళ్లందరి ముందూ పెద్దగా ఏడ్చేశాను. బావ ఏం చెయ్యాలో తెలియక తువ్వాలు నా చేతికిచ్చి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

రెండో గుంట బాగానే వచ్చింది. ముక్క తర్వాత ముక్క తీసి, నంబరు వేసి, గుడ్డ చుట్టాం. చివరి గొట్టం పైకి లాగే వేళకి మా గైడ్ నుంచి ఫోను వస్తే, సిగ్నలు కోసం సరుగుడు తోటలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బావ గొట్టం మూతికి గుడ్డ కట్టేశాడు.

"వచ్చేసినాది మరదలా. నిండుగా వచ్చేసినాది" అన్నాడు.

ఆ నిండు గొట్టాన్ని చూసి నేను ఎగిరి గంతేశాను.

తర్వాత ఏడాదంతా విశాఖలో ల్యాబే లోకం. మట్టిని ఆమ్లాల్లో కరిగించి, మిగిలిన పుప్పొడిని గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్క రేణువే లెక్కపెట్టాను. పై పొరల్లో వరి, ఆ కింద తుంగ, ఇంకా కింద మడ. అంటే ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చింది. అంతవరకూ అందరూ ఊహించిందే. కానీ చిట్టచివరి ముక్కలో, మడ పుప్పొడి అడుగున మళ్లీ వరి కనిపించింది! దానికి కాస్త పైనున్న చెక్కముక్కకి కాలం కట్టిస్తే వేల ఏళ్ల నాటిదని వచ్చింది. మరి దాని అడుగున ఉన్న వరి ఇంకా పాతదవ్వాలి కదా. సముద్రం లోపలికి రాకముందే మా తీరంలో వరి పండించారని తేల్చేశాను. మా గైడ్ "ఇంకొంచెం చూద్దామమ్మా" అన్నారు. నేను వినలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, థీసిస్ రాయకముందే సెమినార్లో నిలబడి చాటేశాను. అదే రోజు బావకీ ఫోను చేశాను.

"అయితే మన నేల మీద వరి అప్పటి నుంచీ ఉన్నాదన్నమాట" అన్నాడు. ఆ గొంతులో పొంగు నాకిప్పటికీ గుర్తే. వారం తిరక్కుండా ఊరంతటికీ చెప్పేశాడు.

రెండు నెలల తర్వాత, అదే ముక్కలోంచి తీసిన కొత్త పలక మీద ఒక రేణువు కనిపించింది. మూడు మూలలు, మూడు రంధ్రాలు. సరుగుడు. సరుగుడు మా తీరపు చెట్టు కాదు. మన తాతల తాతల కాలంలో బయటినుంచి తెచ్చి నాటారు. వేల ఏళ్ల నాటి మట్టిలో అది ఉండడానికి వీల్లేదు. ల్యాబు కిటికీలోంచి ఎగిరొచ్చి పడిందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పలకని వెంట్రుకవాసి జరిపితే చాలు, అది కనిపించదు. ఒక సాయంత్రమంతా ఆ ఆలోచనతోనే కూర్చున్నానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. మర్నాడు కిటికీలు మూసి కొత్తగా పలకలు చేశాను. అడుగు ముక్క కింది భాగమంతా, వరి మధ్య అక్కడక్కడా సరుగుడు, మొదటి లెక్కలో నా కంటపడనిది. ఒక గీత దాటి పైకొస్తే, ఒక్కటంటే ఒక్కటి లేదు.

నేరుగా అక్కావాళ్లింటికి వెళ్లాను. "ఆ చివరి గొట్టం లాగినప్పుడు ఏమైనా అయిందా బావా?" అని అడిగాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నానేటీ సెయ్యలేదే" అన్నాడు.

"చేశావని నేనన్నానా?"

అప్పుడు ఒప్పుకున్నాడు. "అడుగున కొంత జారిపోనాది. నువ్వు మళ్లీ ఏడుస్తావని గట్టు కాడ నల్లమట్టి తీసి కూరేసినాను. ఆ మట్టీ నలుపే, ఈ మట్టీ నలుపే. మట్టే కదా అనుకున్నాను."

ఆ గట్టు మీద వరుసగా సరుగుడు చెట్లున్నాయి. ఆ గట్టు బావ పొలానిదే. నేను సెమినార్లో చాటిన ప్రాచీన వరి, మా బావ అంతకుముందు ఏడాది కోసుకున్న పంట.

నాకు ముక్కు మీదే కోపం. "నా మీద జాలి పడమని నిన్నెవరు అడిగారు?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. మళ్లీ తవ్వుదామంటే అప్పటికే ఆ చిత్తడి నేలలో రొయ్యల చెరువులు తవ్వేశారు. నా దగ్గర మిగిలింది ఆ ఒక్క గుంట మట్టే. బయల్దేరబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఊరందరికీ సెప్పుకున్నాడే. ఆ మట్టి ఈయనే కూరేడని నువ్వు రాస్తే తలెత్తుకోలేడు. ఈయన మాట ఎత్తకు" అని ఒట్టు వేయించుకుంది. వేశాను. బావతో మాత్రం ఎనిమిది నెలలు మాట్లాడలేదు.

థీసిస్‌లో అడుగు ముక్క కింది భాగాన్ని కొట్టేశాను. సెమినార్లో నేను చెప్పింది తప్పని రాశాను. కారణం దగ్గర "సేకరణలో పొరపాటు" అని రెండే మాటలు రాసి ఊరుకున్నాను.

మౌఖిక పరీక్ష రోజున హాలు నిండా జనం. అక్కా బావా వెనక వరసలో కూర్చున్నారు. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దావిడ, మెత్తగా మాట్లాడుతుంది. సరిగ్గా ఆ రెండు మాటల దగ్గరే ఆగింది.

"ఏమిటా పొరపాటు? ఎలా జరిగిందో తెలియకపోతే, అది ఆ ఒక్క ముక్కతోనే ఆగిందని ఎలా నమ్మమంటావు? మిగతా మట్టంతా కూడా అలాంటిదే అయితే?"

ఆ గీతకి పైనున్న మడ పొరల్లో ఎక్కడా సరుగుడు లేదని చెప్పాను. "సరుగుడు లేని మట్టి కూడా కలవొచ్చు కదా" అంది. న్యాయమైన ప్రశ్న. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. జవాబు నా నాలుక చివరే ఉంది. అది చెబితే డిగ్రీ వస్తుంది, బావ పరువు పోతుంది. చెప్పకపోతే ఐదేళ్ల పని నీళ్లపాలు. అక్కకి వేసిన ఒట్టు గుర్తొచ్చి, థీసిస్ పేజీలు తిప్పుతూ నిలబడ్డాను. ఎవరో నా ఫైలు మూసిన చప్పుడు వినిపించింది.

వెనకనుంచి కుర్చీ జరిగింది. "అమ్మా, ఆ మట్టి నానే కూరేసినానండి" అన్నాడు బావ.

హాలంతా వెనక్కి తిరిగింది. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎగ్జామినర్ ఆయన్ని ముందుకు రమ్మంది. ఆయన చేతులు కట్టుకుని వచ్చి, జరిగిందంతా చెప్పాడు. జారిపోయింది ఆ ఒక్క గొట్టంలోనేనని, మిగతావన్నీ పనివాళ్ల ఎదుటే, నా చేతుల మీదుగానే తీశామని చెప్పాడు.

"ఎంత కూరావు?"

"రెండు జానలండి."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావు?"

"వెదురుపుల్ల దూర్చి ఎంత కాళీ ఉన్నాదో కొలుసుకున్నానండి. తక్కువైతే మా మరదలు కనిపెట్టేస్తాది."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. టేబుల్ మీద చెయ్యి పరచమంది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా స్కేలు పెట్టి కొలిచి, రెట్టించి, నా థీసిస్‌లో కొట్టేసిన భాగం పొడవు చూసింది. వేలెడంత తేడా కూడా లేదు. నేను పుప్పొడిని బట్టి ఎక్కడ గీత గీశానో, బావ చెయ్యి కూడా అక్కడికే వచ్చి ఆగింది. ఆవిడ ఆ కొలతని తన కాగితం మీద రాసుకుని, నా వైపు తిరిగి, "ఇది పుస్తకంలో రాయి. ఇక నాకు ప్రశ్నలు లేవు" అంది.

అందరూ చప్పట్లు కొడుతుంటే బావ బయటికి వెళ్లిపోయాడు. వెతుక్కుంటూ వెళ్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మరదలా, ఒక మాట సెప్పు. నాను కూరకపోతే, ఆ జారిపోయిన మట్టిలో ఏటి ఉండేది?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయన ముఖం చూస్తే చెప్పాలనే అనిపించింది.

"తెలీదు బావా. ఇంక ఎవరికీ తెలీదు."

ఆయన తలూపాడు. తర్వాత తువ్వాల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. లోపల నాకు డాక్టరేట్ ఇచ్చినట్టు ప్రకటిస్తున్నారు, నా కోసం పిలుస్తున్నారు. నేను వెళ్లలేదు. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని, ఎనిమిది నెలలు మాట్లాడనందుకు క్షమించమని అడిగాను.