ఇగ్నాత్సీ పేరు

పోలిష్ రైతు స్త్రీ పెట్రొనెలా పెద్దకొడుకు వలెంటీ ఆస్ట్రియా ఏలుబడిలోని సొంతూళ్లోనే ఉన్నాడు. చిన్నవాడు ఇగ్నాత్సీ సరిహద్దు వాగుకు అవతల, రష్యా వైపున్న పిల్లను చేసుకుని రష్యా మనిషయ్యాడు. 1914లో ఆస్ట్రియా సెర్బియా మీద పడింది. సెర్బియాకు రష్యా అండ, ఆస్ట్రియాకు జర్మనీ అండ. రెండు ఒడ్డుల కుర్రాళ్లనూ సైన్యాలకు లాక్కుపోయారు.

"ఎక్కడి సెర్బియా, ఎక్కడి మనం! వాళ్ల స్నేహాలకు నా పిల్లలెందుకురా?"

"రాజులు మాటిచ్చుకున్నారటమ్మా," అన్నాడు వలెంటీ, బూట్లు తొడుక్కుంటూ.

చలికాలం రాకముందే అన్నదమ్ములిద్దరూ చెరో సైన్యంలో చనిపోయారు. చర్చిలో పాదిరి వలెంటీ కోసం మాత్రమే ప్రార్థించాడు.

"మరి చిన్నోడి పేరో?" అడిగింది పెట్రొనెలా.

"వాడు శత్రువమ్మా. చదివితే నన్ను పట్టుకుపోతారు."

"శత్రువా? బాప్తిస్మమిచ్చి ఆ పేరు పెట్టింది మీరే కదయ్యా!"

ఆమె ముందుకు నడిచి, జనమంతా వింటుండగా ఆ పేరు తనే గట్టిగా పలికింది. ఒక్క గొంతూ ఆమెన్ అనలేదు.