చెవి దగ్గరికొచ్చిన ఏనుగు

సెలూన్ పెద్దాయన కథ చెబుతుంటే ఓసారి గోడగడియారం నడక మానేసి విన్నదట. అందుకే అది నేటికీ వెనకబడే ఉంది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. ఎలాగూ క్షవరం చేయించుకునే వస్తారు.

ఆ కథలకు తలా తోకా ఉండవు. మెడకు గుడ్డ కట్టగానే ఏనుగు బయలుదేరుతుంది, గుడ్డ దులపగానే ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. కథలు రాయడం నేర్చుకుంటున్న చిన్నకూతురికి ఇది కంట్లో నలుసైంది.

"కథకో పద్ధతుంటుంది నాన్నా. హీరోకి ఏదో కావాలి. దానికి అడ్డు రావాలి. అది ముదిరి ప్రాణం మీదికి రావాలి. అప్పుడుగానీ ముగింపు రాకూడదు."

"మధ్యలో కాస్త పడుకోనివ్వరా వాణ్ణి?"

"వాడు పడుకుంటే వినేవాళ్ళూ పడుకుంటారు."

"నాకు కావలసిందదేనే తల్లీ," అన్నాడాయన. అయినా కూతురి మాట తీసెయ్యలేక సరేనన్నాడు.

ఆ సాయంత్రమే పెద్దకూతురి కొడుకు కుర్చీ ఎక్కాడు. కత్తెర చప్పుడంటే వాడికి హడల్. తాతకు తప్ప ఎవరికీ తల వంచడు. పెద్దాయన పద్ధతిగానే నడిపాడు. ఏనుగుకి అవతలి గట్టు మీది పచ్చగడ్డి కావాలి. వంతెనేమో పాతది. నడిమధ్యలో చెక్క ఫెళ్ళున విరిగింది. సరిగ్గా అప్పుడే కత్తెర చెవి మీదికి వచ్చింది.

"పడిపోయిందా?" అంటూ వాడు గిర్రున తిరిగాడు. గుప్పెడు జుట్టు తెగి ఒళ్ళో పడింది. వాడు ఏడుస్తూ కుర్చీ దిగి, గుడ్డతో సహా ఇంటికి పరుగెత్తాడు.

పెద్దాయన కత్తెర కింద పెట్టాడు. "చెవి దగ్గరికొచ్చేసరికి నా ఏనుగెప్పుడూ నిద్రపోయేది," అన్నాడు మెల్లగా.

చిన్నకూతురు చీపురందుకుని కింద రాలిన జుట్టు ఊడ్చింది. వాడింక తాత దగ్గరికి రాకపోతే ఆ పాపం తనదే. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి వాడు నెత్తిన గుడ్డ కప్పుకుని మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"తాతా, ఏనుగు పడిందా?"

"ఎక్కు, చూద్దాం."

చెవి దగ్గర ఏనుగు విరిగిన చెక్క పక్కనే కూర్చుని ఓ కునుకు తీసింది. వాడూ కదల్లేదు. తల పూర్తయ్యేసరికి అది లేచి, వంతెన దాటి, కడుపునిండా మేసింది. పెద్దాయన జన్మలో మొదటిసారి ఒక కథ ముగిసింది.

చిన్నకూతురి మొహం విప్పారింది. "చూశావా నాన్నా, ఏనుగు ఏమైందో తెలీకే వీడికి నిద్రపట్టలేదు. నా పద్ధతే లాక్కొచ్చింది."

ఆయన మనవడి మెడ మీద వెంట్రుకలు ఊదాడు.

"పద్ధతీ లేదు, ఏనుగూ లేదు. సగం తలతో బడికెళ్తే నవ్వుతారని వాళ్ళమ్మ తరిమింది."