మూడు ఎండలూ ఆరిందన్నాను

నా గుండెల మీద ఒక ఇనప పెట్టె ఉంది. రెండు ఇటుకలంత ఉంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని మోస్తూనే వంట చేశాను, పిల్లల్ని పెంచాను, మా ఆయన్ని కాటికి పంపాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

మాది కొల్లేటి ఒడ్డున వలలు అల్లుకునే కుటుంబం. నన్ను ఏలూరులో ఇచ్చారు. మా ఆయనది ట్యూబులైట్ల సామాను వ్యాపారం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. సినిమా హాళ్ళవాళ్ళు, క్లబ్బులవాళ్ళు ఆ లైట్ల కోసం ఎగబడుతున్నారు. తెల్ల ట్యూబుకి చోకు ఉంటే చాలు. అక్షరాల్లా వంచిన ఎర్ర గాజుగొట్టం, నియాను అంటారు, అది వెలగాలంటే మాత్రం వేల వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. కొత్తది మద్రాసు నుంచి రావడానికి నెలలు పట్టేది. అందుకని మా ఆయన అక్కడి పాత సామాను కొట్లలో కాలిపోయినవి ఏరి తెచ్చేవారు. వాటిని విప్పి, కొత్త రాగితీగ చుట్టి, ఇనప పెట్టెలో పెట్టి, తారు పోసి మూత బిగించేవాళ్ళం. తీగ చుట్టేది నేనే. వెంట్రుకంత తీగ. వల అల్లిన వేళ్ళు కదా, నా చేతిలో తెగేది కాదు.

దానికొక నియమం ఉంది. చుట్టిన తీగచుట్ట, కాయిలు అంటారు, అది మూడు ఎండలు ఆరాలి. తీగ పొరల మధ్య వేసే కాగితం గాలిలోని చెమ్మని పీలుస్తుంది. ఆ చెమ్మ ఉండగానే తారు పోస్తే అది లోపల ఇరుక్కుపోతుంది. కరెంటు వేడికి ఆవిరై పెట్టెనే పగలగొడుతుంది. ఇది నాకు తెలియదనడానికి వీల్లేదు. ఆయన వందసార్లు చెప్పారు.

ఆ ఏడు తాడేపల్లిగూడెంలో ఒక క్లబ్బు పెట్టారు. పేకాట, మద్రాసు నుంచి వచ్చే డాన్సులు, పొద్దుపోయాక డబ్బున్నవాళ్ళు చేరే చోటు. దసరాకి తెరవాలి, గుమ్మం మీద ఎర్రటి పేరు వెలగాలి. ట్రాన్స్‌ఫార్మరు మాకే చెప్పారు. సరిగ్గా అప్పుడే మా ఆయన టైఫాయిడుతో పెద్దాసుపత్రిలో పడ్డారు. మంచం మీద నుంచే, "ఈ ముసురులో అది ఆరదే. నీవల్ల కాదు, వదిలెయ్. ఇంకెవరి దగ్గరైనా కొనుక్కుంటారు," అన్నారు.

నీవల్ల కాదు. ఆ మాట ముల్లులా దిగింది. తీగంతా చుట్టేది నేను, పనివాడన్న పేరు ఆయనకా? అప్పుడే అలా అనుకున్నానా, లేక చేసిన తప్పుకి సాకుగా ఇప్పుడు అల్లుకుంటున్నానా? ఎంత తవ్వుకున్నా నాకే తేలడం లేదు.

వాన తెరిపి ఇవ్వలేదు. పొట్టు కుంపటి మీద ఒక్క పూట కాచాను. మా పుట్టింట్లో వల ఆరిందో లేదో చెంపకి ఆనించి చూస్తారు. చేతికి తెలియని చెమ్మ చెంపకి తెలుస్తుంది. కాయిలుని చల్లారనిచ్చి, ఎత్తి చెంపకి ఆనించాను. చల్లగా తగిలింది. ఇదొక్కటీ మీకు స్పష్టంగా చెప్పాలి. నాకు తెలిసింది. తెలిసే తారు పోశాను.

మర్నాడు పొద్దున్నే పెట్టె తీసుకెళ్ళడానికి వైర్‌మన్ సూరిబాబు వచ్చాడు. మా సామాను ఎక్కడికి వెళ్ళినా బిగించేది అతనే. నిదానస్తుడు. జాయింటు వేశాక దాని మీద నూలుదారం చుట్టి రెండు ముళ్ళు వేస్తే గాని చెయ్యి తీయడు.

"బావగారు లేకుండానే పూర్తి చేసేశారేంటండీ అక్కగారూ! ఇక ఆయన్ని ఆసుపత్రిలోనే ఉంచేద్దామేంటండీ?" అన్నాడు.

నవ్వాను. అతను పెట్టె ఎత్తి చూసుకుంటూ అడిగాడు.

"మూడు ఎండలూ ఆరిందాండీ?"

అతని గొడుగు నుంచి నీళ్ళు మా గుమ్మంలోకి కారుతున్నాయి.

"మా పుట్టింటి దగ్గర ఆరబెట్టి తెచ్చాను తమ్ముడూ. అక్కడ ఎండ కాసింది."

"కొల్లేటికో సూర్యుడు, ఏలూరికో సూర్యుడూ ఉన్నారాండీ?"

"మూడు ఎండలూ ఆరింది. నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యో, మీ మాట కాక ఇంకెవరి మాట నమ్ముతానండీ," అని పెట్టెని గోనెలో చుట్టుకుని రైలుకి వెళ్ళిపోయాడు.

క్లబ్బు తెరిచే ముందు మధ్యాహ్నం పూట వెలిగించి చూశారట. అక్షరాలు వెలిగాయట. జనం చప్పట్లు కొట్టారట. సూరిబాబు ఇంకా నిచ్చెన మీదే ఉన్నాడు. పెట్టె పగిలింది. మరిగిన తారు రెండు చేతుల మీదా పడింది. కింద పడి తుంటి విరిగింది. ప్రాణం దక్కింది. జాయింటు వదులుగా వేశాడు, అందుకే పేలింది అని అందరూ అన్నారు. ఎవరైనా అడిగితే నేనూ అదే అన్నాను. జాయింటేనటండీ.

క్లబ్బువాళ్ళు జాయింటు అవతల వైర్లు కోసేసి ఆ పెట్టెని మాకే తిప్పి పంపారు. తలుపు వేసుకుని చూశాను. లోపల కాయిలు ఉబ్బి చీలిపోయింది. అతని జాయింటు మాత్రం అలాగే ఉంది. దారం మాడింది గాని రెండు ముళ్ళూ కనబడుతున్నాయి. పటకారుతో లాగాను. కదలలేదు.

మా ఆయన ఇంటికి రాకముందే దాన్ని పుట్టింటికి మోసుకెళ్ళాను. దోనె వేసుకుని లోతు చూసి కొల్లేట్లో వదిలేశాను. ఆయనకి, అక్కడే పారేశారట అని చెప్పాను. ప్రతి వేసవిలోనూ నీళ్ళు వెనక్కి తీస్తుంటే నాకు అన్నం సహించేది కాదు. ఆ పెట్టె ఏ వలకైనా తగులుతుందేమో, ఎవరైనా తెచ్చి నా ముందు పెడతారేమో. ఎవరూ తేలేదు. తెస్తే బాగుండేదేమో.

మా ఆయన పోయాక ఒకసారి గుండుగొలను వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. సూరిబాబు అక్కడ టీకొట్టు పెట్టుకున్నాడు. కుంటుతూ వచ్చి, వంకర తిరిగిన వేళ్ళతో గ్లాసు అందించాడు. ఆ రోజు నుంచి వైరు ముట్టుకోలేదట. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటివాణ్ణి పిలుస్తాడట.

"తప్పు నాదే లెండి అక్కగారూ. ఆ రోజు రెండో ముడి వేశానో లేదో ఇప్పటికీ గుర్తు రావట్లేదండీ. బావగారి పేరు కూడా పాడుచేశాను," అన్నాడు.

మాట నా నాలుక మీదే ఉంది. మీరు నమ్మండి, నాలుక మీదే ఉంది. కానీ నేనన్నదేమిటో తెలుసా? "పోనీలే తమ్ముడూ, అయిందేదో అయింది" అన్నాను. అంటే నేను అతన్ని క్షమించాను. క్షమించి, టీ తాగి, బస్సెక్కి వచ్చాను. తారు పోసిన పాపం ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. చేతులు కాలితే ఆరతాయి. తన చేతుల మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసుకుపోయాను. ఒక్క మాటతో తిరిగి ఇవ్వగలిగీ ఇవ్వలేదు.

ఇక్కడ మనవరాలు రాయడం ఆపేసింది. రాయమ్మా అన్నాను. తల ఎత్తలేదు గాని రాస్తోంది.

క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. సూరిబాబు బతికే ఉన్నాడు. అతనికి చదువు రాదు గాని కూతురు చదువుతుందని విన్నాను. ఈ కాగితం ఆమె చేతిలో పడితే తండ్రి పక్కన కూర్చుని గట్టిగా చదవాలి. మిగతాదంతా వదిలేసినా ఈ నాలుగు మాటలు చదవాలి.

రెండో ముడి వేశావు తమ్ముడూ. నా కళ్ళతో చూశాను. పటకారుతో లాగినా రాలేదు. కాయిలు ఒక్క ఎండ కూడా ఆరలేదు.