రోజు మార్చి రోజు

పత్తికొండ చుట్టుపక్కల కలుపు తీయించాలన్నా, టమోటా కోయించాలన్నా రైతులు ముందు గిడ్డమ్మకు ఫోన్ చేసేవాళ్లు. ఆమె ఒక్క మాట చెబితే ఆటో నిండా ఆడవాళ్లు ఎక్కేవాళ్లు. పొలంలో ఆమె అందరికన్నా ముందుండేది. తన సాలు ముగించుకుని వెనక్కి వచ్చి, వెనకబడినవాళ్ల సాలులో కొంత తీసిపెట్టేది. ఎవరైనా మెచ్చుకోబోతే కసురుకునేది. ఆమెకు రొమ్ములో గడ్డకు కర్నూలులో ఆపరేషన్ అయింది. కొన్నేళ్లకు జబ్బు ఎముకల్లోకి పోయిందని చెప్పారు. ఆ తరువాత కూడా ఫోన్లు ఆగలేదు. "నేను రాలేనప్పా, మనుషుల్ని పంపిస్తాలే" అనేది.

అదే ఊళ్లో చర్చి వీధిలో ఉండే కృపమణికీ అదే జబ్బు. గిడ్డమ్మ కంటే పెద్దది. ఒకప్పుడు గిడ్డమ్మ జట్టులోనే కలుపుకు వచ్చేది. మధ్యాహ్నం సద్ది విప్పేటప్పుడు మాత్రం చర్చి వీధి ఆడవాళ్లు వేరే గట్టు మీద కూర్చునేవాళ్లు. ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. కర్నూలు బస్సులో వేరే గట్టు లేదు. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని, గిడ్డమ్మ తెచ్చిన జొన్నరొట్టెను కృపమణి తెచ్చిన ఊరిబిండి పచ్చడితో తినేవాళ్లు. వెల్దుర్తి దాటేసరికి గిన్నె ఖాళీ అయ్యేది.

ఆస్పత్రిలో కొత్త మందు పరీక్ష గురించి డాక్టర్ శివజ్యోతి ఇద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఇలాంటి జబ్బుకు ఇప్పుడు అందరికీ ఇస్తున్న మాత్ర ఒకటుంది. దానికి ఇంకో కొత్త మాత్ర జతచేస్తే జబ్బు ఇంకొంతకాలం ఆగుతుందా అని చూస్తున్నాం. కొందరికి రెండూ ఇస్తాం. కొందరికి పాతది ఒక్కటే. ఎవరికి ఏది రావాలన్నది కంప్యూటరు తీస్తుంది, నా చేతిలో లేదు. ఇష్టం లేకుంటే వద్దనండి. మీ వైద్యం ఎప్పటిలాగే జరుగుతుంది."

"చీటీలేసి తీసినట్లా మేడం?" అంది గిడ్డమ్మ.

"అలాగే అనుకోండి."

"అట్లయితే మా ఇద్దరికీ కలిపి ఒకే చీటీ తీయండి. ఒక ఊరోళ్లం."

డాక్టరు నవ్వింది. "అదొక్కటే కుదరదమ్మా."

గిడ్డమ్మకు రెండు మాత్రలూ వచ్చాయి. కృపమణికి పాతది ఒక్కటే వచ్చింది.

తిరుగు బస్సులో కృపమణి ఆ కొత్త మాత్రల అట్టను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి గిడ్డమ్మ సంచిలో పెట్టింది. "నీకిచ్చినాడు దేవుడు. మరిచిపోకుండా మింగు" అంది. ఒక్క ఎత్తిపొడుపు మాట అన్నా గిడ్డమ్మకు తేలిగ్గా ఉండేది. తరువాత కృపమణి కిటికీలోంచి చూస్తూ, కడపలో నర్సింగు చదువుతున్న కూతురి మాట ఎత్తింది. "స్తుతి చదువు అయిపోయేదాకా ఉంటే చాలు నాకు."

మర్నాడు పొద్దున తిన్నాక గిడ్డమ్మ ఆ మాత్ర చేతిలోకి తీసుకుంది. మింగలేదు. కొంగున కట్టుకుని చర్చి వీధికి నడిచింది.

"ఒగరోజు నువ్వు, ఒగరోజు నేను" అంది.

"నీకేమన్నా పిచ్చా? డాక్టరమ్మ చెప్పింది ఇనలేదా?"

"ఇన్నా. నువ్వు చూస్తాంటే నాకు గొంతు దిగదు."

"నేను యాడ చూస్తాండా? మా ఇంట్లో నేనుండా."

"ఏడున్నా చూస్తాండావులే అక్కా. మింగు."

కృపమణి మాత్రను అరచేతిలోకి తీసుకుంది. తరువాత చెంబు అందుకుంది.

అలా మొదలైంది. ఖాళీ అట్టలు వెనక్కి తెమ్మనేవాళ్లు. గిడ్డమ్మ అన్నీ ఖాళీవే తీసుకుపోయేది. ఎవరూ అనుమానించలేదు. ఇంట్లో మొగుడు సుంకప్పకు కూడా తెలియదు. పని పంచుకున్నంత తేలికగానే ఉంది ఆమెకు కొన్నాళ్లు.

ఎండలు ముదిరేటప్పటికి కృపమణికి నోరంతా పూసింది. కారం కాదు కదా, చల్లటి మజ్జిగ కూడా మండేది. మనిషి సగమైంది. డాక్టరు టార్చి వేసి చూసి, "ఈ పాత మాత్రకు ఇంత పూత రాదే" అని మళ్లీ మళ్లీ అడిగింది. "బయటి మందులేమైనా వాడుతున్నారా? పసర్లు?" కృపమణి లేదని తల ఊపింది. ఆ రోజే గిడ్డమ్మ స్కాను చూసి డాక్టరు చెప్పింది: "జబ్బు కొంచెం పెరిగింది గిడ్డమ్మా. కొత్త మాత్ర మీకు పట్టనట్లుంది. వచ్చే స్కాను కూడా ఇలాగే ఉంటే ఆపేయాల్సి వస్తుంది."

పట్టడానికి తను తిన్నదెంత? ఆ మాట గిడ్డమ్మ నోటిదాకా వచ్చింది. బల్లకు అవతల కృపమణి ఆమెనే చూస్తోంది.

ఆ తరువాత రోజులు గిడ్డమ్మకు ఎటూ దారి లేకుండా పోయాయి. ఇవ్వడం మానేస్తే, నోట్లో పెట్టింది తానే లాక్కున్నట్లు అవుతుంది. ఇస్తూ పోతే ఆమె నోరు అట్లా, తన ఎముకలు ఇట్లా. చెబితే ఇద్దరినీ పరీక్షలోంచి తీసేస్తారు. ఒక పొద్దున ఇక ఇవ్వకూడదని గట్టిగా అనుకుని కృపమణి ఇంటికి పోయింది.

"ఈసారి మాత్రలు తక్కువిచ్చినారక్కా. అయిపోయినాయి."

కృపమణి మంచం మీద లేచి కూర్చుంది. నోరు సరిగా తిరగడం లేదు. "ఏమ్మే గిడ్డీ, అబద్ధం చెప్పేది నీకు చేతకాదు. కొంగు చూపించు."

"అక్కా, ఆ పుండ్లు దీనివల్లనే."

"అయితే ఏమి? మందు గట్టిది, పని చేస్తాండాది. పాతదానికి ఒగ పుండైనా వచ్చిందా? ఇయ్యి."

ఆమె చెయ్యి చాచింది. గోళ్ల కింద రక్తం లేదు. గిడ్డమ్మ కొంగు ముడి విప్పింది.

వీధి మలుపు దాకా వచ్చి, ఒక గోడను పట్టుకుని నిలబడింది. ఎవరో రైతు ఫోన్ చేస్తున్నాడు. ఎత్తలేదు.

తరువాతి సారి ఆస్పత్రికి పోయేసరికి కృపమణికి జ్వరం. రక్తపరీక్ష చూసి ఆమెను వెంటనే మంచం మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. డాక్టరు మంచం పక్కన నిలబడి కాగితాలు తిరగేసింది.

"ఈ మాత్ర మీ ఒంటికి పడటం లేదేమో కృపమణిగారూ. దీన్ని ఆపేద్దాం. ఇంకేం చేయగలమో తరువాత చూద్దాం."

ఉన్నది ఆ ఒక్క మాత్రే. అయినా కృపమణి డాక్టరు వైపు చూడలేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడిన గిడ్డమ్మ వైపు చూసి, చెప్పొద్దన్నట్లు తల అడ్డంగా ఊపింది.

డాక్టరు బయటికి నడిచింది. గిడ్డమ్మ వెనకే పోయి, ఆమెను గది తలుపు దగ్గర పట్టుకుంది.

"మేడం, పాతది ఆపొద్దండి. తప్పు దానిది కాదు."

"మరి?"

గిడ్డమ్మ చెప్పింది. నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. డాక్టరు తలుపు మూసి, విన్నంతసేపు నుదురు రుద్దుకుంటూ ఉంది.

"ఆమె రక్తం అసలే తక్కువ. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మనిషి మిగిలేది కాదు, తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది మేడం."

"మీకు మందు పట్టలేదని రాసి పంపాను. మీ లాంటివాళ్లు ఇంకా ఎంతోమంది ఎక్కడెక్కడో ఇదే మాత్ర వేసుకుంటున్నారు. వాళ్లకు ఇది పనికొస్తుందా లేదా అన్నది మీరు మింగినదాన్ని చూసే తేలుస్తారు."

ఇది గిడ్డమ్మకు ఎప్పుడూ తట్టలేదు. "నన్నూ తీసేయండి మేడం" అంది.

"తీసేస్తే? మీ మాత్ర ఆమెకు రాదు. ఇద్దరికీ లేకుండా పోతుంది, అంతే."

కృపమణిని పరీక్షలోంచి తీసేశారు. పాత మాత్ర మాత్రం ఆపలేదు. గిడ్డమ్మ విషయం పైవాళ్లతో మాట్లాడి చెబుతామన్నారు. ఆమెను ఉంచుతున్నామని తరువాత ఫోన్ వచ్చింది. ఈసారి రోజూ మింగాలి, ఒక్కరోజు కూడా తప్పకూడదన్నారు. సుంకప్పకు అప్పుడే అంతా తెలిసింది. అతను తిట్టలేదు. "ఇంగ మింగు" అన్నాడు.

మింగింది. మింగిన ప్రతిసారీ చర్చి వీధి వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆస్పత్రి నుంచి వచ్చాక కృపమణి ఆమెతో మాట్లాడలేదు. బోరింగు దగ్గర ఎదురుపడితే చెంబు తీసుకుని పోయింది.

నోరు కొంచెం మానాక ఒక పొద్దున కృపమణే వచ్చింది. గోడ పట్టుకుని, ఆగి ఆగి నడుస్తూ వచ్చి, అరుగు మీద కూర్చుంది. గిడ్డమ్మ అన్నం ముందు కూర్చుని ఉంది. సుంకప్ప లేచి పక్కకు తప్పుకున్నాడు.

"రా అక్కా. ఇంత తిను."

"నాకు ఇంగా ఉప్పు తగిలితే మండతాది. నువ్వు తిని మాత్ర మింగు."

"నువ్వు పోయినాక మింగుతాలే."

"మింగవు. నాకు తెలుసు నీ సంగతి. స్తుతికి ఫోన్ చేసి అంతా చెప్పినా. అది నన్ను శానా తిట్టింది. 'నీకోసం ఆమె సగమే మింగింది, నీకు సిగ్గులేదా' అనింది." కృపమణి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నువ్వు చెప్పకుంటే నేను పోయేదాన్ని. చెప్పినందుకు నీ మీద కోపం ఇంగా పోలేదు. రెండూ నిజమే. మింగు."

గిడ్డమ్మ రెండు ముద్దలు తిని మాత్ర తీసింది. ఎదురుగా కృపమణి కళ్లు తిప్పకుండా చూస్తోంది. మాత్ర నాలుక మీద పెట్టుకుని నీళ్లు తాగింది. దిగలేదు. మళ్లీ తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారికి దిగింది.

"నోరు తెరువు" అంది కృపమణి.

గిడ్డమ్మ తెరిచింది. కృపమణి ముందుకు వంగి, నాలుక కింద కూడా చూసి, అరుగు మీద నుంచి మెల్లగా లేచింది.

"రేపూ వస్తా" అంది.