మందు లేని సారమ్మ, మందు మానిన ఐలయ్య

2010లో జనగామ నుంచి బదిలీ మీద మానుకోట ఏఆర్‌టీ కేంద్రానికి కౌన్సిలర్‌గా వచ్చాను. హెచ్‌ఐవీకి జీవితాంతం వాడవలసిన మందులు ఇచ్చే చోటది. మిగిలిన గోళీలు చూసి, మానకుండా మింగేలా నచ్చజెప్పడం నా పని.

కేసముద్రం మార్కెట్లో హమాలీ ఐలయ్య, అతని భార్య సారమ్మ మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఇద్దరికీ వైరస్ ఉన్నట్టు ఏళ్ల కిందట ఒకేసారి తేలింది. ఐలయ్య మందుల మీద ఉన్నాడు. సారమ్మకు మాత్రం రోగాన్ని ఎదిరించే సీడీ4 కణాలు తగ్గనే లేదు కాబట్టి మందు మొదలుపెట్టలేదు. డాక్టరుగారు అనుమానమొచ్చి ఆమె రక్తం హైదరాబాదు పంపితే, వైరస్ లెక్కకు అందనంత తక్కువని వచ్చింది. ఇలాంటివాళ్లు నూటికో కోటికో ఒకరని, ఆ కిటుకు తెలిస్తే మిగతావాళ్లూ మందు మానగలరేమోనని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారని ఆయన సంబరపడిపోయారు. రోజూ షుగర్ గోళీ మింగే నాకైతే ఆమెను చూసి కుళ్లు పుట్టింది.

ఈ సంగతి సారమ్మకు ఐలయ్య ఎదుటే చెప్పాం. మరుసటి నెల అతను రాలేదు. తెలంగాణ ఉద్యమం రోజులు, బందులకు బస్సులు లేవు, అందుకే అనుకున్నాం. ఆ పై నెల చిక్కిపోయి వచ్చాడు. పాత డబ్బా మూత కూడా తీయలేదు. నీకు చాటుగా మందు ఎవడిస్తున్నాడని మొగుడు రోజూ కొట్లాడుతున్నాడని సారమ్మ చెప్పింది. నేను గట్టిగా నిలదీస్తే అసలు మాట బయటపడింది.

“ఇద్దరిది ఒక్క రోగమే గద మేడం. అది ఉత్తగనే బతుకుతాంది. మొగోన్ని, నేనెందుకు మింగాలె?”

డాక్టరుగారు మందలించారు, నేను బతిమాలాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇట్లాగే మానేస్తే మనిషి దక్కడని తెలిసి సారమ్మే దారి చెప్పింది.

“నాకు గూడ ఏదన్న గోళీ ఇయ్యుండ్రి సారు. నేను మింగుతాంటె చూసి ఆయన మింగుతడు.”

డాక్టరుగారు ఇరకాటంలో పడ్డారు. అవసరం లేని ఏఆర్‌టీ మందు ఇవ్వకూడదు. ఇస్తే, ఆమె ఒళ్లు సొంతంగా వైరస్‌ను ఎలా అణిచి ఉంచుతోందో ఇక తెలియదు. చివరికి ఆమెకు రక్తం తక్కువుందని చూసి ఐరన్ గోళీలు రాశారు, అవి దేనికో ఐలయ్యకూ చెప్పారు.

మరుసటి నెల అతని డబ్బా ఖాళీగా వచ్చింది. మొహం మాత్రం మాడ్చుకునే ఉన్నాడు. ఇంకేమైందని అడిగాను.

“దానికి ఎర్రటిది, బలం గోళీ ఇచ్చిండ్రు. నాకెందుకియ్యలే?”

అప్పటి నుంచి జంటగా వచ్చేవాళ్లతో ముందు విడివిడిగా మాట్లాడేదాన్ని. ఒకరికి చెప్పే మంచి కబురు పక్కనున్నవాళ్లకు తక్కువ చేసినట్టు వినబడుతుందని ఐలయ్య దగ్గరే నేర్చుకున్నాను.