యంత్రం ముఖాన బొట్టు

తాండూరు దగ్గర మా సిమెంట్ ఫ్యాక్టరీలో దసరాకు ఎవరి పనిముట్లు వాళ్ళు దుర్గమ్మ పటం ముందు పెట్టడం ఆనవాయితీ. ఫిట్టర్లు పానాలు పెడతారు, వెల్డర్లు టార్చీలు పెడతారు, లారీ డ్రైవర్లు తాళంచెవులు పెడతారు. నేను మెకానికల్ డిప్లొమా చేసి మెయింటెనెన్స్‌లో చేరినదాన్ని. అయినా నా వంతు వచ్చేసరికి ఫోర్‌మన్ కాక పళ్ళెం పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చి, కంప్యూటర్ కీబోర్డుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టిపోయేవాడు. ప్రేమగానే పెట్టేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఎందుకు మండదు? మా ఊరు పెద్దేముల్‌లో బోరు మోటారు చెడిపోయినప్పుడల్లా నాయిన పక్కన కూర్చుని విప్పడం, బిగించడం నేర్చుకున్నాను. కందిచేను కంటే మోటారు మీదే నా ధ్యాస అని అమ్మ తిట్టేది. అట్లాంటిదాన్ని, ఉద్యోగంలో చేరిన రోజే "ఆడపిల్లవు, కిందికి పోతే బట్టలకు గ్రీజు అంటుకుంటది" అంటూ మేనేజరు సారు ఏసీ గదిలో కూర్చోబెట్టారు. ఏ యంత్రం ఎప్పుడు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు నడిచిందో టైపు చేయడం నా పని. పెళ్ళయి వికారాబాద్ వెళ్ళాక కూడా పొద్దున్నే రైలెక్కి వచ్చి అదే కుర్చీలో కూర్చునేదాన్ని. "మంచి కొలువు దొరికింది నీకు, చీర మడత నలగది" అని మా అత్తమ్మ మురిసిపోయేది.

ఆ కళ్ళద్దాలు రాకపోతే ఇంకా ఆ కుర్చీలోనే ఉండేదాన్ని.

హెడ్డాఫీసు వాళ్ళు పరీక్షకని పంపారు వాటిని. యంత్రాలకు బిగించిన సెన్సర్లు వాటి వేడినీ, అదురునూ ఎప్పటికప్పుడు క్లౌడ్‌కు, అంటే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లకు పంపుతుంటాయి. ఈ అద్దాలు పెట్టుకుని యంత్రం మీది నేమ్‌ప్లేటు వైపు చూస్తే, అది ఏ యంత్రమో గుర్తుపట్టి, ఆ అంకెలన్నీ తెచ్చి యంత్రం పక్కనే గాలిలో చూపిస్తాయి. ఏ బోల్టు ముందు విప్పాలో బాణం గుర్తు వేస్తాయి. యంత్రం తయారుచేసిన కంపెనీ ఇంజనీరు పుణెలో కూర్చుని, మన కంటికి కనిపించేదే తానూ చూస్తూ మాట్లాడతాడు. మా ఫిట్టర్లలో ఒకాయనకు తల తిరిగింది. ఇంకొకాయనకు చెమటకు ముక్కు మీది నుంచి జారిపోయాయి. "గీ సినిమా మాకొద్దు సార్" అని ఒక బల్ల మీద పెట్టేసి పోయారు. ఆ బల్ల నాదే.

ఇక వదులుతానా! భోజనం గంటలో కిందికి దిగి, ఒక్కొక్క యంత్రం నేమ్‌ప్లేటు ఫొటో నేనే తీసి పుణెకు పంపాను. ఆ ఫొటోను బట్టే అద్దాలు యంత్రాన్ని గుర్తుపట్టాలి. కానీ మా ప్లేట్లన్నీ బూడిద రంగు, వాటి మీద సిమెంటు దుమ్ము. తుడిచి, తల అటు వంచి ఇటు వంచి చూస్తే తప్ప అద్దాలకు ఆనేవి కావు. "అక్క మిషన్‌కు దండాలు పెడ్తున్నది" అని నవ్వేవాళ్ళు. నవ్వండి నాయనా, నాకూ ఒక రోజు వస్తుంది అనుకునేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. వేడి క్లింకర్‌ను, అంటే కొలిమిలో కాలి వచ్చే సిమెంటు గడ్డలను, చల్లార్చే పెద్ద ఫ్యానుకు బేరింగ్ అరిగిపోతోందని అంకెలు చెబుతున్నాయి. దసరా మర్నాడు ఫ్యాక్టరీ ఆపి బేరింగ్ మార్చాలని, ఆ పని నేను అద్దాలు పెట్టుకుని దగ్గరుండి చేయాలని నిర్ణయమైంది. చూడటానికి హైదరాబాద్ నుంచి పెద్ద అధికారులు వస్తున్నారు. మేనేజరు సారు దాపరికం లేకుండా చెప్పారు: "పని సాఫీగా అయితే ఇగ మెయింటెనెన్స్ నీదే. కాకపోతే అద్దాలు వాపస్, నువ్వు నీ కుర్చీకి వాపస్."

దసరాకు వికారాబాద్‌లో ఇంటి దగ్గరే ఉన్నాను. మర్నాడు పొద్దున ఫ్యాక్టరీలో అడుగుపెడితే ఫోర్‌మన్ కాక ఎదురొచ్చి చేతిలో జమ్మి ఆకు పెట్టాడు. కాళ్ళకు దండం పెట్టి, నేరుగా ఫ్యాను దగ్గరికి పోయి, అద్దాలు పెట్టుకున్నాను. ఏమీ కనబడలేదు. అద్దాలు తీసి చూశాను. నేమ్‌ప్లేటు నిండా పసుపు, నట్టనడుమ అరచేతి వెడల్పున కుంకుమ బొట్టు, పైనుంచి బంతిపూల దండ. ప్రతి యేడూ మోటారు మీదో మూత మీదో పెట్టే బొట్టు ఈసారి ప్లేటు మీదికి ఎందుకు వచ్చిందని కాకను అడిగాను.

"ఎందుకంటవేంది బిడ్డా? నెల సంది నువ్వే కదా గా పలక దిక్కు చూస్కుంట మిషన్‌తోని మాట్లాడుతున్నవు. గదే దాని ముఖం అనుకున్న. బొట్టు ముఖానికి పెట్టక ఇంకెక్కడ పెడ్తరు?" అన్నాడు కాక.

చేతికి దొరికిన పాత గుడ్డ తీసుకుని తుడవబోయాను. కాక నా చెయ్యి పట్టుకున్నాడు. "పండుగ తెల్లారే బొట్టు తుడుస్తవా? అది దానంతట అదే పోవాలె గని, తుడిచిన మిషన్ మీద నా పోరగాళ్ళు చెయ్యి పెట్టరు." వెనక్కి చూస్తే ఫిట్టర్లందరూ పానాలు కింద పెట్టి నిలబడ్డారు. అంతలో మేనేజరు సారు వచ్చి, అధికారుల కార్లు మన్నెగూడ దాటాయని, గంటలో ఇక్కడుంటారని, తుడిచి పారేయమని కేకలు. తుడిస్తే మనుషులు లేరు, తుడవకపోతే అద్దాలు లేవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే.

నాకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. మనుషుల మీద చూపలేక అద్దాల మీద విరుచుకుపడ్డాను. "ఇంత ఖరీదు పెట్టి కొన్నారు నిన్ను! బొట్టు పెట్టుకుంటే మనిషిని గుర్తుపట్టవా?"

ఆ మాట నా చెవినే పడింది. దాన్ని తిట్టి ఏం లాభం, బొట్టు లేని ముఖమే కదా నేను దానికి చూపించాను. బొట్టున్న ముఖం చూపిస్తే పోలా?

వెంటనే పుణెకు ఫోన్ చేశాను. ఆ ఇంజనీరు ముందు నవ్వాడు, తర్వాత ప్లేటు నాలుగు మూలలూ కనబడేట్టు ఫొటో పంపమన్నాడు. దండ అడ్డంగా ఉంది. "కాకా, జర నీ చేత్తోనే దండ పైకి జరుపు" అంటే, ముక్కోటి దేవతలకు మొక్కి మరీ జరిపాడు. ఫొటో తీసి పంపాను. ఇక ఎదురుచూడటమే. గేటు దగ్గర కార్ల హారన్లు వినిపించాయి. మేనేజరు సారు ముఖం చూడదలచుకోలేదు నేను.

పుణె నుంచి సరేనని కబురు రాగానే అద్దాలు పెట్టుకుని ఫ్యాను వైపు నడిచాను. దగ్గరికి చేరకముందే, ఆమడ దూరం నుంచే, గాలిలో అంకెలు తళుక్కున వెలిగాయి! తల వంచే పని లేదు, తుడిచే పని లేదు. వట్టి బూడిద రంగులో అద్దాలకు ఆనవాలు దొరకదని, ఈ పసుపూ ఎరుపూ ఎంత దుమ్ములో అయినా దొరుకుతాయని పుణె ఆయన చెవిలో చెప్పాడు. నేను గట్టిగా నవ్వేశాను. అప్పుడే లోపలికి వస్తున్న అధికారులు ఆగిపోయి చూశారు. చూడనీ!

బాణాలు చూపిన వరసలో బోల్టులు విప్పించాను. అరిగిన బేరింగ్ బయటికి వచ్చింది. అసలు పరీక్ష కొత్తదాన్ని ఎక్కించడంలో ఉంది. బేరింగ్‌ను వేడిచేస్తే కొంచెం పెరుగుతుంది, ఆ వేడి చల్లారేలోపు షాఫ్ట్ మీద ఒక్క ఊపున చోటికి చేరాలి. నడుమ ఆగిందా, అక్కడే బిగుసుకుపోతుంది, ఇక కోసి తీయడమే. బేరింగ్ పక్కన గాలిలో వేడి అంకె పెరుగుతోంది. చేతి తొడుగులు వేసుకుని ఒక పక్క నేను, ఒక పక్క ఇద్దరు ఫిట్టర్లు. అంకె ఆకుపచ్చగా మారింది. "ఇప్పుడే, తొయ్యి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బేరింగ్ జర్రున జారిపోయి చోటున కూర్చుంది.

ఫ్యాను తిప్పినప్పుడు, నెల నుంచి ఎర్రగా మండుతున్న అదురు అంకె దిగి, దిగి, ఆకుపచ్చగా మారింది. కాకకు అద్దాలు పెట్టాను. తల అటూ ఇటూ తిప్పి అంకెలన్నీ చూశాడు. "గీ బొట్టే పట్టించిందా గిదంత?" అన్నాడు. "నువ్వు పెట్టిన బొట్టే కాకా" అన్నాను. మీసం దువ్వుకున్నాడు మా కాక. అధికారులు మేనేజరు సారుకు చెయ్యి అందిస్తే, ఆయన పక్కకు తప్పుకుని నన్ను చూపించారు. గ్రీజు చేతులతోనే కలిపాను చెయ్యి. ఆ సాయంత్రం రైల్లో వికారాబాద్ దాకా నిలబడే వచ్చాను, కూర్చోబుద్ధి కాలేదు. నా చీర చూసి అత్తమ్మ లబోదిబోమంది.

పసుపు రాలిపోతుంది కదా. అందుకని రేకు ముక్కకు గుండ్రంగా చిల్లు కోసి, ప్రతి యంత్రం ప్లేటు మీదా పసుపు రంగు, ఎరుపు రంగు పెయింటుతో ఒకే కొలతన బొట్టు దిద్దాము. దిద్దింది కాకే, ఇంకొకరికి బ్రష్షు ఇస్తే కదా. కొత్త ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కాయి. ఇప్పుడు పుణెలో తెర మీద కూడా మా యంత్రాలు ముత్తైదువల్లా కళకళలాడుతుంటాయట.

మరుసటి దసరాకు నేను వికారాబాద్‌లో ఉండలేదు. పొద్దున్నే వచ్చి, నూనె మరకలున్న నా పానాను ఫిట్టర్ల పానాల వరసలో, పటం ముందు పెట్టాను. పక్కనే అద్దాలు. కాక పళ్ళెం పట్టుకుని, ఏసీ గది వైపు తలైనా తిప్పకుండా, నేరుగా అక్కడికి వచ్చాడు. నా పానాకు పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు. నా కళ్ళు నిండాయి. కుంకుమ వేలు అద్దాల మీదికి పోతుంటే, అంత సంతోషంలోనూ ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఫికర్ జెయ్యకు బిడ్డా" అని కాక నా చెయ్యి మెల్లగా పక్కకు జరిపి, అద్దాల పక్క కాడకు చిన్న బొట్టు పెట్టాడు. "అద్దానికి పెడ్తనా? నేను గూడ నేర్చుకున్న."